మేకులన్నీ నిండిన రోజు

జనవరి 12

ఒసే పిడుగా,

నీ ఉత్తరం అందింది. ఆ కొండ మీద చలికి ముక్కు ఊడిపోయేలా ఉందని రాశావు. ఊడితే పారేయకు, కాగితంలో చుట్టి పంపు. మన పళ్ళ డాక్టర్ అతికిస్తాడు. అతికించడంలో వాడి పనితనం ఎలాంటిదంటే, నాకు కట్టిన పళ్ళ సెట్టు నేను నవ్వకముందే నవ్వుతోంది. మొన్న చావు పలకరింపుకి వెళ్తే అక్కడ కూడా నవ్వింది. తన్నులు తప్పించుకుని వచ్చా.

గాలి ఎటు వీస్తోందో చూసి రాసుకోవడానికి మనిషికి జీతం ఇస్తారని నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. లారీ నడిపినన్నాళ్ళూ నేను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊరికే చెప్పేవాణ్ణి కదే.

సరే, నీ జట్టు కబుర్లు. నువ్వు వెళ్ళిపోతే ఆదివారం పొద్దున్నే ఎవడు లేస్తాడులే అనుకున్నా. లేస్తున్నారు. నీళ్ళ ట్యాంకు దగ్గర చేరడం, గుడిసెలోంచి తలో పనిముట్టు తీసుకుని మిట్ట మీదికి పరిగెత్తడం, అక్కడ ఎండుగడ్డీ ముళ్ళకంపా కొట్టడం, మళ్ళీ పరిగెత్తుకుంటూ దిగడం. ఊరందరి ఉమ్మడి మిట్ట కోసం పొద్దున్నే చెమటలు కక్కే పిచ్చోళ్ళు ఇంతమంది ఉంటారని నాకు తెలీదు. కండక్టర్ ముందు పరిగెడతాడు, నోట్లో బస్సు ఈల. ఆ ఈల వింటే నాకు టికెట్ తీసుకోవాలనిపిస్తుంది. బేకరీ ఆవిడ పరిగెత్తుతుంటే పిండి రాలుతుంది. డాక్టర్ అయితే కొత్త బూట్లు కొన్నాడు, అవి వాడికన్నా ముందు వెళ్ళిపోతున్నాయి.

నేను గుడిసె ముందు నా స్టూలు మీద. నువ్వు పెట్టిన పద్ధతే నడుస్తోంది. గోడకి మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో పనిముట్టు. ఎవరి పనిముట్టు వాళ్ళు తెచ్చి తగిలించి, ఆగకుండా అలాగే ఇంటికి పరిగెత్తిపోతారు. మేకు నిండితే మనిషి దిగినట్టు. మేకులన్నీ నిండితే నేను తాళం వేసినట్టు. నాలుగో క్లాసు గోడ దూకి పారిపోయినవాడికి కూడా కుదిరే లెక్క. తెలివైనదానివే.

ఇళ్ళకీ మిట్టకీ మధ్య గడ్డి పరక లేకుండా చెక్కుతున్న పట్టీ సగం దాటింది. పోయిన వేసవిలో మంట దిగి మీ అమ్మ కుట్టుషాపు వెనక కిటికీ కాల్చింది గుర్తుందిగా. పట్టీ పూర్తయితే ఈసారి మంటకి దాటడానికి మేతే ఉండదు.

ఇక అసలు కబురు. మీ అమ్మ కూడా జట్టులో చేరింది. నీకు చెప్పొద్దంది. అందుకే చెప్తున్నా. అందరికన్నా వెనక వస్తుంది. దాని కొడవలి మేకుకి ఎక్కేసరికి నాకు మళ్ళీ ఆకలేస్తుంది. అక్కణ్ణుంచి ఇంటికి కూడా రాదు, చీర మార్చుకోవడం కూడా షాపులోనే. సాయంత్రం దాకా మిషన్ తొక్కుడు.

స్వెటర్ వేసుకో.

ఇట్లు, తాళంచెవి గల పెద్దమనిషి

మీ తాత


జనవరి 27

తాతా,

సామాను లారీ వారానికొకసారే వస్తుంది, అందుకే జవాబు ఆలస్యం. ఇక్కడ ఫోన్ పలకదు. రేడియో ఉంది గానీ అది గాలి లెక్కలు చెప్పడానికే. నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. చివరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

అమ్మని ఎందుకు వెళ్ళనిస్తున్నావు? దాని మోకాలి సంగతి నీకు తెలీదా? మెట్లెక్కి వస్తేనే గోడ పట్టుకుని నిలబడుతుంది. నాన్న పోయినప్పటి నుంచీ ఆ మిషన్ మీదే కదా ఇల్లు నడుస్తోంది. దాని కాలికి ఏదైనా అయితే మిషన్ ఎవరు తొక్కుతారు? నేను అక్కడ ఉన్నప్పుడు వస్తానంటే ఎన్నిసార్లు వద్దన్నానో! నేను లేనని చూసుకుని చేరిందన్నమాట.

పైగా ఇది సరదాగా పరిగెత్తే ఏడాది కాదు. ఇక్కడ లెక్కలు చూస్తుంటే నాకు భయంగా ఉంది. పొడిగాలి ఈసారి తొందరగా తిరిగేలా ఉంది. మార్చి చివరికి పట్టీ అయిపోవాల్సిందే. వారానికి ఒక రోజు చాలదు, బుధవారం కూడా వెళ్ళమని కండక్టర్‌తో చెప్పు. ఇలాంటప్పుడు అమ్మ వెనక పడుతుంటే దాని వల్ల జట్టంతా ఆగాల్సి వస్తుంది. దాన్ని గుడిసె దగ్గరే కూర్చోబెట్టు. నువ్వు చెప్తే వింటుంది.

జట్టు వాళ్ళకి గాలి సంగతి చదివి వినిపించు. నేను అన్నానని చెప్పు, తొందరపడమని.

స్వెటర్ వేసుకునే ఉన్నాను.

నీ మనవరాలు


ఫిబ్రవరి 9

పిడుగా,

నువ్వు చెప్తే వింటుంది అని రాశావే, ఆ అమ్మ ఎవరి అమ్మ? నా కూతురు కాదు. నా కూతురు నేను ఎడమ అంటే కుడి, కుడి అంటే కుర్చీ మీద కూర్చునే రకం.

నువ్వు చదివి వినిపించమన్నావు కదా, ఆదివారం అందర్నీ నిలబెట్టి వినిపించా. ఇక్కడ చిన్న పొరపాటు జరిగింది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాణ్ణి. ముందు వరసలో ఏముందో చూసి దాటేసే చదువు నాకెక్కడిదే? నోట్లోంచి బయటికి వచ్చాకే నాకూ తెలుస్తుంది ఏం చదివానో. “దాని వల్ల జట్టంతా ఆగాల్సి వస్తుంది” అన్నది కూడా అలాగే వచ్చేసింది. గట్టిగా. మీ అమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

కండక్టర్ ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు. బేకరీ ఆవిడ, “పిల్ల ఏదో కంగారులో రాసిందిలే వదినా” అంది.

మీ అమ్మ కొంగు బిగించి, “నా వల్ల ఎవరూ ఆగక్కర్లేదు. దిగేటప్పుడు నా కొడవలి మీరెవరైనా పట్టుకుపోండి. ఉత్త చేతులతో నా కాళ్ళకి వీలైనట్టు నేనే దిగుతా. మా నాన్న తాళం వేసుకుని అన్నానికి వెళ్ళొచ్చు,” అంది. ఆ నాన్న అన్నది నన్నే. నేను నీ మాట చదివా, దానికి నాకు శిక్ష!

అప్పట్నించీ అలాగే జరుగుతోంది. డాక్టర్ మర్యాదస్తుడు కదా, ఒక చేతిలో తన పార, ఇంకో చేతిలో మీ అమ్మ కొడవలి పట్టుకుని దిగుతాడు. అచ్చం యుద్ధానికి పోయి ఓడిపోయి వచ్చినవాడిలా ఉంటాడు. మేకులు చకచకా నిండిపోతున్నాయి. మీ అమ్మ వెనకాల నిమ్మళంగా దిగి, నా కేసి చూడకుండా అటునుంచి అటే షాపుకి పోతోంది. కోపం నా మీదే. నీ మీద అయితే నీకు స్వెటర్ ఎందుకు అల్లుతుంది? చెప్పొద్దంది ఇది కూడా.

బుధవారాలు కూడా మొదలుపెట్టారు. నీ భయం బాగానే పని చేసింది. పక్కింటి కోడిపుంజుకి కూడా వినిపించినట్టున్నావు, అది ఇప్పుడు పొద్దు పొడవకముందే అరుస్తోంది.

ఇట్లు, అన్యాయంగా శిక్ష పడినవాడు

మీ తాత


ఫిబ్రవరి 24

తాతా,

లారీ వాడు ఇంజను ఆపకుండా నిలబడ్డాడు, రెండు ముక్కలే రాస్తున్నా.

అమ్మ కొడవలి వేరేవాళ్ళు తేవడం వెంటనే ఆపించు. అమ్మ మీద కోపంతో చెప్పడం లేదు. నువ్వు రాసింది నువ్వే మళ్ళీ చదువు. కొడవలి మేకు మీద ఉంటుంది, అమ్మ మిట్ట మీద ఉంటుంది. నువ్వు మేకులు చూసి తాళం వేస్తావు. అమ్మ అటునుంచి అటే షాపుకి పోతుందని నువ్వు అనుకుంటావు, షాపు దగ్గర చూసేవాళ్ళేమో ఇంట్లో ఉందనుకుంటారు. అక్కడ జారిపడితే ఎవరికి తెలుస్తుంది తాతా?

ఇది అందగానే, ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చెయ్యి. అమ్మ గుడిసె దాటేదాకా నువ్వు స్టూలు మీంచి లేవకు.

అమ్మతో చెప్పు, నేను అలా అనాలని అనలేదని.

మనవరాలు


మార్చి 4

బంగారం,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావు? అక్కడ కూరలు దొరుకుతున్నాయా? ముక్కు ఉందా?

మీ అమ్మకి ఈ మధ్య మహారాణీ యోగం పట్టింది. మంచం మీద కూర్చుని అందరిచేతా పని చేయించుకుంటోంది. బేకరీ ఆవిడ వేడివేడి రొట్టె తెచ్చిస్తోంది, నేను వంట చేస్తున్నా. నా వంట తిని కూడా బతికే ఉంది అంటే ఎంత గట్టి ప్రాణమో చూడు. నిన్న చారులో ఉప్పు రెండుసార్లు వేశా. “నాన్నా, ఇది చారా సముద్రమా” అంది. కోపం పోయింది, నాతో మాట్లాడుతోంది. అదీ మంచికే.

పక్కింటి కోడిపెట్ట పిల్లల్ని పొదిగింది. ఒకటి నల్లగా ఉంది. దానికి నీ పేరు పెడదామనుకుని, నువ్వు తిడతావని కండక్టర్ పేరు పెట్టా.

జట్టు ఈ వారం కొంచెం విశ్రాంతి తీసుకుంటోంది. మనుషులు కదా.

ఇంకేం లేదు. స్వెటర్ ఇంకొన్నాళ్ళు పడుతుంది.

తాత


మార్చి 12

తాతా,

నీ ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్ళలో నువ్వు నన్ను బంగారం అని పిలిచింది రెండే సందర్భాల్లో. నాన్న పోయినప్పుడు, నా జ్వరం తగ్గనప్పుడు.

అమ్మ మంచం మీద ఎందుకు ఉంది? వంట నువ్వు ఎందుకు చేస్తున్నావు? జట్టు ఎందుకు ఆగింది? పట్టీ ఎంతవరకు వచ్చిందో ఒక్క ముక్క లేదు. నా పోయిన ఉత్తరం అందిందో లేదో కూడా రాయలేదు. కోడిపిల్ల గురించి రాశావు.

నేను రాత్రంతా అక్షరం అక్షరం తిరగేశాను. నువ్వు నవ్వించిన ప్రతి చోటా ఏదో దాచావనిపిస్తోంది. నువ్వు నిజంగా సరదాకి రాసినా నాకిప్పుడు తెలియదు. అదే నన్ను చంపుతోంది. అమ్మకి ప్రాణం మీదికి వచ్చిందా? లేక ఉత్త జలుబా? రెండింటికీ నువ్వు ఒకే ఉత్తరం రాస్తావు.

సెలవు అడిగాను. కింద రోడ్డు మీద బండరాళ్ళు పడ్డాయి, తీసేదాకా మనుషుల్ని దింపరు. సామాను మాత్రం తాళ్ళ మీద ఎక్కిస్తున్నారు. అంత పెద్ద విషయం అయితే మా ఆఫీసుకి వెళ్ళి చెప్తే రేడియోలో కబురు పంపేవాళ్ళు కదా? ఎందుకు పంపలేదు?

ఒక్క వేళాకోళం లేకుండా రాయి. జరిగింది జరిగినట్టు.

మనవరాలు


మార్చి 19

అమ్మలూ,

వేళాకోళం లేకుండా రాయమన్నావు. రాస్తా.

ముందుగా, మీ అమ్మ బతికే ఉంది. ప్రాణానికి భయం లేదు.

ఆదివారం అందరూ పనిలోకి వెళ్ళారు. గాలి ఎక్కువగా ఉంది, మిట్ట మీంచి దుమ్ము అవతలి వైపుకి లేస్తోంది. పని అయ్యాక అందరూ దిగారు. డాక్టర్ మీ అమ్మ కొడవలి తెచ్చి తగిలించాడు. మేకులన్నీ నిండాయి. ఇవాళ పెందలాడే అయిపోయిందని సంతోషపడుతూ తాళం వేశా. పాట కూడా పాడుకుంటూ ఇంటికి వెళ్ళా. అన్నం తిన్నా. పడుకున్నా.

మీ అమ్మ షాపులో ఉందనుకున్నా.

సాయంత్రం బేకరీ ఆవిడ జాకెట్ కోసం ఇంటికి వచ్చింది. “షాపు పొద్దుట్నించీ మూసే ఉంది బాబాయ్, వదినకి ఒంట్లో బాగాలేదా?” అంది. అది మిట్ట మీదే ఉండిపోయిందని నాకు అప్పుడు తట్టింది. పనిముట్ల కోసం గుడిసె తాళం తీయాలని కూడా తోచలేదు, ఆవిణ్ణే పంపా, కండక్టర్ ఇంటికీ డాక్టర్ ఇంటికీ. అందరూ ఇంటి బట్టల్లోనే వచ్చారు. డాక్టర్ కాళ్ళకి చెప్పులు కూడా లేవు. వాళ్ళు మిట్ట మీదికి ఎలా పరిగెత్తారో నేను చెప్పలేను. నేను కింద నిలబడిపోయా.

మిట్ట మీద ఎండిపోయిన వాగు ఉంది కదా, ఆ వంక పక్కన దొరికింది. కొట్టిన కంప ఈడ్చి వంకలో పడేస్తుంటే రాయి దొర్లిందట. కుడికాలు కంపలో చిక్కుకుని రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. చీలమండ దగ్గర ఎముకలు విరిగాయి. కొడవలి ఉంటే కంప నరుక్కుని కాలు లాక్కునేదాన్నేమో అంది తర్వాత. డాక్టర్ వింటుండగా అనలేదు, నాతోనే అంది.

దాన్ని దించుకుని వస్తుంటే నేను ఎదురెళ్ళా. నన్ను చూసి, “నాన్నా, నువ్వు తాళం వెయ్యడం కనపడింది. పిలిచా. గాలి నీ వైపు నుంచి ఉంది,” అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. తాళం వేసిన ఆదివారం తర్వాతి మంగళవారం.

ఆసుపత్రిలో కాల్లో ఊచలు వేసి సిమెంటు కట్టు కట్టారు. ఇంటికైతే మెట్లెక్కాలి కదా, షాపు వెనక గదిలోనే మంచం వేశాం, నేనూ అక్కడే పడుకుంటున్నా. కాలివేళ్ళు కదలడం లేదు. నరం తేరుకుంటే కదులుతాయి, లేకపోతే లేదు అన్నాడు పెద్ద డాక్టర్. మిషన్ తొక్కగలదా అని అడిగా. ఇప్పుడే అడక్కండి అన్నాడు. మీ అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పించింది. కనపడకుండా.

రేడియో కబురు పంపుదామంటే మీ అమ్మే వద్దని ఒట్టు వేయించుకుంది. రోడ్డు లేని చోట పిల్ల ఏం చేస్తుంది, ఏడుస్తూ కూర్చుంటుంది, నువ్వు ఎప్పటిలాగా నవ్వించే ఉత్తరం రాయి అంది. రాశా. రాయకుండా ఉండాల్సింది.

జట్టు లేదు ఇప్పుడు. డాక్టర్ క్లినిక్‌లో తల ఎత్తడం లేదు. కండక్టర్ మా వీధిలోంచి రావడం మానేసి చుట్టు తిరిగి డ్యూటీకి పోతున్నాడు. తాళంచెవి వాడికి ఇవ్వబోతే తీసుకోలేదు. పట్టీ అంతా అయింది, వంక నుంచి మీ అమ్మ షాపు దాకా ఉన్న ముక్క తప్ప. అక్కడ గడ్డి నడుము ఎత్తు ఉంది. ఎండిపోయి గలగలమంటోంది. రాత్రి పడుకుంటే వినపడుతోంది.

తాత


మార్చి 25

తాతా,

రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది.

నాకు కోపం ఉంది. తాళం వేసినందుకు కాదు. నువ్వు నా మేకుల్ని నమ్మావు. ఆ మేకులు కొట్టింది నేను. ఎవరూ ఎవరి కోసమూ ఆగకుండా పరిగెత్తాలని, ఆ వేగం చూసుకుని గొప్పగా ఉండేది నాకు. మనిషికి బదులు ఇనుప ముక్క వచ్చినా చాలనే పద్ధతి నేనే పెట్టాను. అమ్మ వల్ల ఆగాల్సి వస్తుందని రాసిందీ నేనే. నువ్వు గట్టిగా చదవకపోయినా ఆ మాట నాదే.

నా కోపం కోడిపిల్ల ఉత్తరం మీద. నేను ఇక్కడ గాలి లెక్కలు రాసుకుంటూ, అమ్మ రొట్టె తింటోందిలే అనుకోవాలని చూశావు. ఇంకెప్పుడూ అలా చేయకు.

ఇప్పుడు విను. ఇది అమ్మ ముందు చదువు, కానీ ముందు నువ్వొక్కడివే కూర్చుని చివరిదాకా చదువుకున్నాక.

గాలి తిరిగింది. ఇక్కడ మొన్నటి నుంచే మొదలైంది. అక్కడికి చేరడానికి పది రోజులు కూడా పట్టదు. పోయిన వేసవిలో మంట షాపు కిటికీ దాకా వచ్చినప్పుడు అమ్మ బట్టలన్నీ చంకన పెట్టుకుని పరిగెత్తింది. ఈసారి లేచి నిలబడలేదు. గడ్డి మిగిలింది సరిగ్గా దాని మంచం వెనకే. సిగ్గుపడుతూ ఇళ్ళలో కూర్చోవడానికి ఇది సమయం కాదని డాక్టర్‌కీ కండక్టర్‌కీ చెప్పు. వాళ్ళ ఇళ్ళకి నువ్వే వెళ్ళు.

మనుషుల లెక్క ఎలా చూడాలో నేను చెప్పను. అన్నీ నేనే చెప్పి ఇంతదాకా తెచ్చాను. అమ్మని అడుగు.

అమ్మ వేళ్ళు కదిలాయా? అది రాయి. కదలకపోయినా రాయి.

మనవరాలు


ఏప్రిల్ 11

ఒసే పిడుగా,

మంట వచ్చింది. ఆగింది. అందరం ఉన్నాం. ఇది మొదటి వరసలోనే రాయమని మీ అమ్మ నా పక్కన కూర్చుని రాయించింది. ఇప్పుడు అవతలి గదిలోకి పోయింది, ఇక నా ఇష్టం.

నీ ఉత్తరం ముందు నేనొక్కణ్ణే చదువుకున్నా. తర్వాత దానికి వినిపించా. నీ తప్పని రాసుకున్న చోట “దీనికి ఎప్పుడూ అన్నీ తన నెత్తినే వేసుకునే పిచ్చి, ఎవరి పోలికో” అని నా వంక చూసింది. కొడవలి పట్టుకుపొమ్మన్నది తనే కదా, అది మాత్రం ఒప్పుకోదు. చివరికి, “నన్ను గుడిసె దగ్గరికి మోసుకెళ్ళండి” అంది.

నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళా. నా పళ్ళు తీసి బల్ల మీద పెట్టి, “ఇవి సరిగ్గా లేవు, వచ్చి మా అమ్మాయికి క్షమాపణ చెప్పుకో, అప్పుడు తొడుక్కుంటా” అన్నా. అతనికి నవ్వు రాలేదు. ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పులేసుకుని నా వెనక వచ్చాడు. కండక్టర్‌ని బస్సులోనే పట్టుకున్నా, టికెట్ తీసుకోకుండా. మీ అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఆ ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మోసుకెళ్ళారు. బేకరీ ఆవిడ చంకకర్రలు పట్టుకుంది. మీ అమ్మ నా స్టూలు మీద కూర్చుంది. నా ఉద్యోగం పోయింది.

దాని పద్ధతి ఇది. పనిముట్టు ఎవరు తెచ్చినా ఎక్కడ పడేసినా సరే. పని అయ్యాక ఎవరూ ఇంటికి పోకూడదు, గుడిసె ముందు ఆగాలి. అది ఒక్కొక్కర్నీ పిలుస్తుంది. ఆ మనిషి తన గొంతుతో ‘ఉన్నా’ అనాలి. పక్కవాడు అంటే చెల్లదు. మొన్నటిదాకా చెమటారకుండా ఇళ్ళకి ఉరికేవాళ్ళు ఇప్పుడు పిలిచేదాకా నిలబడి ఒకళ్ళ పిల్లల జ్వరాలు ఒకళ్ళు అడుగుతున్నారు.

నన్ను మిట్ట మీదికి పంపింది. అందరికన్నా వెనక నడవాలి, నా వెనక ఎవరూ ఉండకూడదు. రోజూ వెళ్ళాం. మిగిలిన గడ్డి అంతా చెక్కేశాం. నా నడుము నాది కాకుండా పోయింది.

ఆ తర్వాత మూడో రోజు గాలి వచ్చింది, నువ్వు చెప్పినట్టే. మధ్యాహ్నం మిట్ట అవతల పొగ. మీ అమ్మని ముందే బేకరీకి చేర్చాం. మంట వంక దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది, పట్టీ దగ్గర నిలబడి అటూ ఇటూ చూసినట్టు చూసింది, ఎగిరిన నిప్పుల్ని మనవాళ్ళు తడి గోనెలతో కొట్టారు. చీకటి పడకముందే చచ్చింది. షాపు కిటికీకి మసి కూడా అంటలేదు.

వేళ్ళు కదిలాయి. బొటనవేలూ దాని పక్కదీ. మిగతావి ఇంకా లేదు. మడమ మళ్ళీ నేలకి పూర్తిగా ఆనుతుందో లేదో చెప్పలేనంటున్నాడు పెద్ద డాక్టర్. గుడ్డ తీయించి ఎడమకాలితో మిషన్ తొక్కుతోంది. కుట్టు తాగుబోతు నడకలా పోతోంది, దాన్ని నా లుంగీ మీదే నేర్చుకుంటోంది.

ఇక నేను చేసిన వెధవ పని. దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నా.

గడ్డి పని పూర్తయిన రోజు అందరూ మహా సంతోషంగా దిగుతున్నారు. నేను వెనక ఉన్నా. వంక దగ్గర పెద్ద బండ ఉంది కదా, దాని చాటుకి చేరా. నాలో కోతి ఊరుకుంటుందా? మీ అమ్మ కింద ఒక్కొక్కర్నీ పిలుస్తోంది. కండక్టర్ ఉన్నా అన్నాడు. బేకరీ ఆవిడ ఉన్నా వదినా అంది. డాక్టర్ రెండుసార్లు అన్నాడు. ఆఖర్న “నాన్నా” అంది. నేను పలకలేదు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నా. “నాన్నా” అని ఇంకోసారి. ఇప్పుడు తిడుతుంది, అప్పుడు బయటికి వచ్చి ఏడిపిద్దాం అనుకున్నా.

మూడోసారి పిలవలేదు. అరుపూ లేదు, మాటా లేదు. ఏమైందా అని తొంగి చూశా. అందరూ పనిముట్లు అక్కడే పారేసి మిట్ట ఎక్కుతున్నారు. వాళ్ళ వెనక మీ అమ్మ. చంకకర్ర ఒకటే ఉంది, రెండోది తీసుకునే తీరిక కూడా లేనట్టుంది. కట్టు ఉన్న కాలు నేల మీద మోపి, ఆ రాళ్ళ మీద, పైకి వస్తోంది. దాని మొహం నేను చూశానే. నువ్వు చూడకపోవడమే మంచిది.

నేను పరిగెత్తా. ఈ జట్టులో ఇన్నాళ్ళూ అందర్నీ ఎగతాళి చేస్తూ స్టూలు మీద కూర్చున్నవాణ్ణి, పరిగెత్తా. పంచె ఊడిపోతున్నా, పళ్ళు ఎక్కడ పడ్డాయో తెలియకపోయినా. “ఉన్నా అమ్మా, ఉన్నా” అని అరుస్తూనే దిగా. దాని దగ్గరికి వచ్చి నిలబడ్డా. కొడుతుందనుకున్నా.

అది అక్కడే రాళ్ళ మీద కూలబడింది. కట్టు పగిలింది, తర్వాత మళ్ళీ వేయించాల్సి వచ్చింది. ఊపిరి అందేదాకా నన్నే చూస్తూ ఉంది. అందరూ చుట్టూ చేరారు. మా ఇద్దరి మధ్య చెయ్యి చాపినంత దూరం కూడా లేదు.

“నాన్నా,” అని పిలిచింది.

“ఉన్నానమ్మా,” అన్నా.

“మళ్ళీ పిలుస్తా. పలుకు,” అంది. పిలిచింది. పలికా. ఇంకోసారి పిలిచింది. ఎవరూ నవ్వలేదు, నేను కూడా. మళ్ళీ చంకకర్ర అందుకునేదాకా అది పిలుస్తూనే ఉంది, నేను పలుకుతూనే ఉన్నా.

రోడ్డు బాగైతే వచ్చెయ్యి.

మీ తాత